77వ నిమిషంలో లేచి వెళ్లిపోయినవాళ్లు

2016 ఫిబ్రవరి 6, శనివారం. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్, సండర్‌ల్యాండ్ క్లబ్బుల మధ్య ప్రీమియర్ లీగ్ మ్యాచ్. సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ 2-0తో ముందుంది. ఇంకో పదమూడు నిమిషాలు గడిస్తే మ్యాచ్ చేతికొచ్చేసినట్టే. గడియారంలో 77వ నిమిషం పడగానే దాదాపు పదివేల మంది లివర్‌పూల్ అభిమానులు సీట్లలోంచి లేచి, మెట్లు దిగి, బయటికి వెళ్లిపోయారు. ఓడిపోతున్న టీమ్‌ని వదిలేసి ముందే ఇంటికెళ్లిపోయేవాళ్లు అన్ని ఆటల్లోనూ ఉంటారు. గెలుస్తున్న టీమ్‌ని ఇలా వదిలేసి వెళ్లడం నేనైతే ఇంకెక్కడా వినలేదు. వాళ్లు వెళ్లాక సండర్‌ల్యాండ్ 82వ నిమిషంలో ఒక గోల్, 89వ నిమిషంలో ఇంకొకటి కొట్టింది. మ్యాచ్ 2-2తో డ్రా. కోచ్ యుర్గన్ క్లాప్ ఆరోజు అపెండిసైటిస్‌తో గ్రౌండ్‌కే రాలేదు. కాబట్టి ఆ దృశ్యం ఆయన కళ్లారా చూడలేదు. క్లబ్‌కి ఏళ్ల తరబడి ఆడిన జేమీ క్యారగర్ మాత్రం ఆ లేచి వెళ్లినవాళ్లలో ఒకడు.

77 అన్న అంకె ఎక్కడిది? అంతకు నాలుగు రోజుల ముందు క్లబ్ రాబోయే సీజన్ టికెట్ ధరలు ప్రకటించింది. ఆన్‌ఫీల్డ్‌లో మెయిన్ స్టాండ్‌ని పెంచి కడుతున్నారు. అందులో అన్నిటికంటే ఖరీదైన సీటుకి, పెద్ద మ్యాచ్ రోజున, 77 పౌండ్లు. అంతవరకూ ఉన్న గరిష్ఠ ధర 59. అప్పటి రేటులో 77 పౌండ్లంటే మన లెక్కకి ఏడున్నర వేల రూపాయలు. సీజన్ టికెట్ మొదటిసారి వెయ్యి పౌండ్లు దాటింది. స్పిరిట్ ఆఫ్ షాంక్లీ, స్పియన్ కాప్ 1906 అనే అభిమాన సంఘాలు "77 పౌండ్లా? అయితే 77వ నిమిషంలో లేచిపోదాం" అని పిలుపిచ్చాయి. నిరసనకి ఇంతకంటే సింపుల్ డిజైన్ ఉండదు. ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు, అంకె చూస్తే చాలు.

ఇక్కడ క్లబ్ వాదన కూడా వినాలి, ఎందుకంటే అది అంత పస లేనిదేం కాదు. 77 పౌండ్ల సీట్లు మ్యాచ్‌కి 200 మాత్రమే, అదీ సీజన్‌లో ఆరు పెద్ద మ్యాచులకే. చాలా టికెట్లు తగ్గుతాయి లేదా అలాగే ఉంటాయి. 9 పౌండ్ల టికెట్లు కూడా పెడుతున్నాం. ఇదీ వాళ్ల సమాధానం. నేను లెక్క వేసి చూశాను: 200 సీట్లు, ఒక్కో సీటుకి అదనంగా 18 పౌండ్లు, ఆరు మ్యాచులు. మొత్తం 21,600 పౌండ్లు. ఆ రోజుల్లోనే ప్రీమియర్ లీగ్ మూడేళ్ల బ్రిటన్ టీవీ హక్కులు 513 కోట్ల పౌండ్లకి పైగా అమ్ముడుపోయాయి. ఆ పక్కన పెడితే 21,600 అనేది సముద్రంలో కాకిరెట్ట. మరి అంత చిన్న మొత్తానికి పదివేల మంది ఎందుకు లేచారు? క్లబ్ అంత చిన్న మొత్తాన్ని ఎందుకు వదులుకోలేకపోయింది? రెండు వైపులా ఇదే ప్రశ్న వేసుకుంటే అది డబ్బు గొడవ కాదని అర్థమవుతుంది.

నాలుగు రోజుల తర్వాత, ఫిబ్రవరి 10న, క్లబ్ యజమానులు బహిరంగ లేఖ రాశారు. క్షమాపణ చెప్పారు. గరిష్ఠ ధర 59 పౌండ్ల దగ్గరే రెండు సీజన్లు ఆపేశారు. పెద్ద మ్యాచ్, చిన్న మ్యాచ్ అంటూ ధర మార్చే పద్ధతినే తీసేశారు. నెల తిరక్కుండా, మార్చి 9న, లీగ్‌లోని క్లబ్బులన్నీ కలిసి వేరే ఊరికి తమ టీమ్ వెంట వెళ్లే అభిమానికి 30 పౌండ్లకి మించి టికెట్ అమ్మకూడదని ఒప్పుకున్నాయి. దానికోసం అభిమాన సంఘాలు అంతకుముందు చాలాకాలంగా పోరాడుతున్నాయి. ఆ 77వ నిమిషం దానికి చివరి తోపు అయిందని నేననుకుంటున్నాను.

అదే వారంలో జర్మనీలోనూ ఇలాంటిదే జరిగింది. ఫిబ్రవరి 9న స్టుట్‌గార్ట్‌లో జరిగిన కప్ మ్యాచ్‌కి వెళ్లిన డార్ట్‌మండ్ అభిమానులు, టికెట్ రేట్లకి నిరసనగా మొదటి ఇరవై నిమిషాలు లోపలికే రాలేదు. వచ్చాక గ్రౌండ్‌లోకి టెన్నిస్ బంతులు విసిరారు. జర్మన్‌లో "గొప్ప టెన్నిస్" అంటే "అదిరిపోయే ఆట" అని వాడుక ఉందట. ఇంత రేటు పెట్టారుగా, ఇదిగో మీ గొప్ప టెన్నిస్, అని ఎత్తిపొడుపు. ఇలాంటి శ్లేష మన కవులకి నచ్చి ఉండేది.

క్యాష్ ఇచ్చి లోపలికి

టికెటింగ్ సిస్టమ్ అనగానే మనకి యాప్, ఓటీపీ, పేమెంట్ గేట్‌వే గుర్తొస్తాయి. కానీ ఒక తరం వెనక్కి వెళ్తే చాలా మ్యాచులకి అసలు ముందే కొనే టికెట్ అవసరమే ఉండేది కాదు. గ్రౌండ్ గోడలో సన్నటి సందు, అందులో తిరిగే ఇనుప గేటు, దాని వెనక ఒక మనిషి. చేతిలో చిల్లర పెడితే గేటు ఒక్కసారి తిరుగుతుంది, మీరు లోపల. దాన్ని టర్న్‌స్టైల్ అంటారు. లోపల సీట్లు కావు, నిలబడే మెట్లు. ఆన్‌ఫీల్డ్‌లో గోల్ వెనకున్న అలాంటి పెద్ద మెట్ల గుట్టకే కాప్ అని పేరు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరిగిన ఒక కొండ పేరు అది.

ఆ పద్ధతి ఎందుకు పోయిందో చెప్పకుండా లివర్‌పూల్ టికెట్ల గురించి రాయడం సరికాదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ ఊళ్లోని హిల్స్‌బరో గ్రౌండ్‌లో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. లివర్‌పూల్ అభిమానులు నిలబడే చోటుకి 10,100 టికెట్లు ఇచ్చారు. వాళ్లందరూ లోపలికి రావడానికి ఉన్న టర్న్‌స్టైల్స్ ఏడు. బయట తొక్కిడి పెరిగింది. పోలీసులు ఒక ఎగ్జిట్ గేటు తెరిపించారు. జనం అప్పటికే నిండిపోయిన కంచెల మధ్యలోకి చేరారు. 97 మంది చనిపోయారు. తప్పు అభిమానులదే అని అప్పట్లో పోలీసులూ, కొన్ని పత్రికలూ ప్రచారం చేశాయి. అది అబద్ధమని, ఆ మరణాలకి అభిమానులు బాధ్యులు కారని ఇంక్వెస్ట్ జ్యూరీ తేల్చింది 2016 ఏప్రిల్‌లో. అంటే 27 ఏళ్లకి. ఆ 77వ నిమిషం గడిచాక రెండున్నర నెలలకి.

ఏడు గేట్లు, పదివేల మంది. సిస్టమ్ డిజైన్ క్లాసులో బాటిల్‌నెక్, త్రూపుట్ అని చదువుకుంటాం కదా. ఆ పదాలకి ఇంత బరువైన ఉదాహరణ టెక్స్ట్‌బుక్కుల్లో ఉండదు.

ఆ విచారణ నివేదిక రాసిన జడ్జి లార్డ్ టేలర్ 1990 జనవరిలో పెద్ద స్టేడియాలన్నిటిలో అందరికీ సీట్లు ఉండాలని సిఫారసు చేశాడు. సీట్లు పెడితే రేట్లు పెరుగుతాయేమో అన్న భయానికి కూడా ఆయన అందులోనే సమాధానమిచ్చాడు. స్కాట్లండ్‌లోని ఐబ్రాక్స్ స్టేడియం ఉదాహరణ చూపించి, అక్కడ నిలబడితే 4 పౌండ్లు, కూర్చుంటే 6 పౌండ్లు, మరీ పెంచాల్సిన పనిలేదు అన్నాడు. కాప్‌లో మెట్లు 1994లో పోయి సీట్లు వచ్చాయి. సిఫారసులో సీట్ల మాట అమలైంది, ఆరు పౌండ్ల మాట గాలికిపోయింది. ఆ ఆరుకీ 2016లో అడిగిన డెబ్బై ఏడుకీ మధ్య ఉన్న దూరం చూస్తే ఆ పదివేల మంది కోపం మరీ వింతగా అనిపించదు.

సీటుకి నంబరొచ్చాక ఇంకో మార్పు కూడా వచ్చింది, దాన్ని చాలామంది పట్టించుకోరు. నిలబడే మెట్ల మీద ఫ్రెండ్స్ పదిమంది ఒక్కచోట చేరొచ్చు, నాన్న పక్కన కొడుకు దూరొచ్చు. నంబరు సీటులో ఎవరి పక్కన ఎవరుండాలో డేటాబేస్ చెప్తుంది.

తిరుమలలో చూసిందే

ఇప్పుడు అసలు పాఠంలోకి వద్దాం. సీట్లు తక్కువ, కావాలనేవాళ్లు ఎక్కువ. ఎవరికివ్వాలి? ఇంజినీరింగ్ భాషలో దీన్ని అలొకేషన్ అంటారు. కానీ ఈ సబ్జెక్టులో తెలుగువాళ్లకి ఎవరూ కొత్తగా పాఠం చెప్పక్కర్లేదు, తిరుమల వెళ్లొచ్చిన ప్రతి ఇల్లూ దీంట్లో ఎక్స్‌పర్టే. సర్వదర్శనం అంటే ఎంతసేపైనా నిలబడగలిగినవాళ్లకి. మూడొందల టికెట్ అంటే డబ్బు పెట్టి, ఆన్‌లైన్‌లో కోటా విడుదలైన నిమిషంలో వేళ్లు చురుగ్గా ఆడించగలిగినవాళ్లకి. ఆర్జిత సేవల లక్కీ డిప్ అంటే అదృష్టం ఉన్నవాళ్లకి. శ్రీవాణి ట్రస్టుకి పదివేలు విరాళం అంటే పెద్ద పర్సు ఉన్నవాళ్లకి. ఇంక సిఫారసు లెటర్ సంగతి చెప్పనక్కర్లేదు. దేవుడొక్కడే, గుడి ఒక్కటే, కానీ తలుపులు ఇన్ని. ఏ తలుపు ఎంత వెడల్పుగా తెరవాలి అన్నదే అసలు నిర్ణయం. సాఫ్ట్‌వేర్ దాని తర్వాత వస్తుంది.

ఫుట్‌బాల్ క్లబ్బుల దగ్గరా ఇవే తలుపులు. ముందొచ్చినవాళ్లకి ముందు అనే పద్ధతి పాతకాలంలో న్యాయంగానే ఉండేది, ఎందుకంటే రాత్రంతా చలిలో లైన్లో కూర్చోవడం అంటే ప్రేమకి రుజువు. అదే పద్ధతి ఆన్‌లైన్‌కి వచ్చేసరికి పూర్తిగా వేరేది అయిపోయింది. ఇప్పుడు ముందొచ్చేది బాట్ స్క్రిప్టు, లేదా మంచి నెట్ ఉన్నవాడు. పేరు అదే, కొలిచేది మాత్రం వేరు. అందుకే చాలా సైట్లు వర్చువల్ వెయిటింగ్ రూమ్ పెట్టాయి. అమ్మకం మొదలయ్యే ముందే పేజీలో చేరినవాళ్లందరికీ రాండమ్‌గా వరస నంబర్లు వేస్తారు. పదింటికి సేల్ అంటే తొమ్మిదిన్నరకి వచ్చినా తొమ్మిదీ యాభై తొమ్మిదికి వచ్చినా ఒకటే. మన కళ్లకి అది క్యూలా కనిపిస్తుంది, నిజానికి లాటరీ. లక్షా చిల్లర నంబరు చూసి "నేను అంత ముందొచ్చానే" అని బాధపడేవాళ్లకి ఎవరైనా ఈ ముక్క చెప్తే బావుండు.

ధర పెంచి డిమాండ్ తగ్గించడం ఎకనామిక్స్ వాళ్లకి ఇష్టమైన తలుపు. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లే ఎక్కువ ఇస్తారు కదా అని వాళ్ల లాజిక్. దాంట్లో ఉన్న లోపం ఒకటే, ఎక్కువ ఇవ్వగలగడం, ఎక్కువ కావాలనుకోవడం ఒకటి కావు. పైగా స్టేడియంలో ఇంకో చిక్కు ఉంది. సినిమా హాల్లో పక్క సీటువాడు పాడకపోతే మనకి మంచిదే. ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో పక్కవాడు పాడకపోతే టీవీలో చూసేవాళ్లకి కూడా తేడా తెలుస్తుంది. క్లబ్ టీవీ కంపెనీలకి అమ్ముకునే సరుకులో ఆ అరుపులు కూడా భాగమే. అంటే అభిమాని కొనేవాడే కాదు, సగం తయారు చేసేవాడు కూడా. 77వ నిమిషం తర్వాత ఖాళీ సీట్ల మధ్య జరిగిన ఆ పదమూడు నిమిషాల ఆట ఈ సంగతినే చూపించింది.

కొత్తవాడు ఎక్కడ మొదలుపెట్టాలి?

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన తలుపు ఇంకొకటి ఉంది: గతాన్ని బట్టి ఇవ్వడం. ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులు ఇప్పుడు ఎక్కువగా దీని మీదే నడుస్తాయి. గత సీజన్‌లో ఇన్ని మ్యాచులకి వచ్చిన మెంబర్లకి మొదటి అవకాశం, మిగిలితే అంతకంటే తక్కువకి వచ్చినవాళ్లకి, ఆ తర్వాత మిగిలినవాళ్లకి లాటరీ. వర్షంలో, ఓటమిలో, పనికిరాని కప్ మ్యాచుల్లో కూడా వచ్చినవాడికి ఫైనల్ టికెట్ దొరకాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! అభిమాన సంఘాలు కూడా దీన్నే ఎక్కువగా సమర్థిస్తాయి.

కానీ మెషిన్ లెర్నింగ్ చదివినవాళ్లకి వెంటనే ఒక పేరు గుర్తుకురావాలి: కోల్డ్ స్టార్ట్. హిస్టరీ లేని యూజర్‌కి ఏ సినిమా చూపించాలో రికమెండేషన్ సిస్టమ్‌కి తెలియదు. ఇక్కడ కూడా అంతే. టికెట్ కావాలంటే గతంలో టికెట్లు కొని ఉండాలి. గతంలో కొనాలంటే అప్పటికే టికెట్ దొరికి ఉండాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. స్టేడియం పక్క వీధిలో పుట్టిన పదహారేళ్ల కుర్రాడికి నిచ్చెనలో మొదటి మెట్టే అందదు. నిచ్చెన మీదున్నవాళ్లు దిగరు. దిగితే మళ్లీ ఎక్కలేమని వాళ్లకి తెలుసు. ఒంట్లో బాగోకపోయినా, ఊళ్లో లేకపోయినా, ఎవరో ఒకరిని పంపించి ఆ క్రెడిట్ కాపాడుకుంటారు.

మరి పూర్తిగా లాటరీ పెట్టేస్తే? చిన్న లెక్క చేద్దాం. ఊహకి, ప్రతి మ్యాచ్‌కీ పదివేల టికెట్లు, లక్ష మంది దరఖాస్తుదారులు. ఒక మ్యాచ్‌లో ఒకరికి దక్కే అవకాశం పది శాతం. ప్రీమియర్ లీగ్‌లో ఇంటి మ్యాచులు 19. పందొమ్మిదింటికీ దరఖాస్తు పెట్టినా ఒక్కటీ రాకపోయే సంభావ్యత 0.9ని 19 సార్లు గుణిస్తే వస్తుంది, దాదాపు 0.135. అంటే వందమందిలో 13, 14 మందికి సీజన్ మొత్తం ఒక్క టికెట్టూ రాదు. వాళ్ల పక్కింటివాడికి నాలుగైదు వచ్చి ఉండొచ్చు. ఎవరూ మోసం చెయ్యలేదు, లెక్కే అలా ఉంటుంది. కానీ ఆ పద్నాలుగో మనిషికి ఇది చెప్పి చూడండి, నమ్ముతాడేమో! ఓడిపోయినవాడి పేరు తర్వాతి డిప్‌లో రెండుసార్లు వెయ్యడం లాంటి చిన్న మార్పుతో ఇది చాలావరకు సర్దుకుంటుంది. కోడ్‌లో నాలుగు లైన్లు. ఎవరైనా అడిగితే కదా ఆ నాలుగు లైన్లూ రాసేది.

లాటరీకి పట్టే రెండో జబ్బు నకిలీ ఖాతాలు. ఒకడు వంద పేర్లతో చేరితే పై లెక్కలో వాడికి ప్రతి మ్యాచ్‌కీ సగటున పది టికెట్లు వస్తాయి. నెట్‌వర్క్స్‌లో దీన్ని సిబిల్ ఎటాక్ అంటారు, ఒకే మనిషిలో చాలామంది మనుషులున్న కథ చెప్పిన ఒక పుస్తకం పేరు మీదుగా. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్‌ని అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరమే. అయినా బ్లాక్ ఆగలేదు. లివర్‌పూల్ క్లబ్ పెద్ద సంఖ్యలో నకిలీ ఖాతాలు మూసేసి, కొందరిని జీవితకాలం నిషేధించింది.

ఫోన్‌లోకి వెళ్లిన టికెట్

బ్లాక్‌ని ఆపడానికే అంటూ వచ్చిన పెద్ద మార్పు ఎన్ఎఫ్‌సీ పాస్. కోవిడ్ తర్వాత స్టేడియం మళ్లీ పూర్తిగా తెరిచిన 2021-22 సీజన్‌లో లివర్‌పూల్ ప్లాస్టిక్ కార్డులు తీసేసి ఫోన్‌లోకి మారింది. టెక్నికల్‌గా ఇది మంచి నిర్ణయమే. మామూలు క్యూఆర్ కోడ్ అంటే ఒక బొమ్మ. స్క్రీన్‌షాట్ తీసి పదిమందికి వాట్సాప్ చేస్తే పదిమందికీ అదే కోడ్. మొదట గేటు దగ్గరికి చేరినవాడు లోపల, మిగతా తొమ్మిది మంది బయట. ఎన్ఎఫ్‌సీలో ఫోన్ వాలెట్‌లో ఉన్న పాస్ రీడర్‌తో దగ్గరనుంచి రేడియోలో మాట్లాడుకుంటుంది. కాపీ చెయ్యడానికి అక్కడ బొమ్మేమీ ఉండదు. మెట్రో కార్డు ఆనించినట్టు ఫోన్ ఆనిస్తే పని అయిపోతుంది.

మరి అభిమానులు ఎందుకు గొణిగారు? స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్లు ఒక కారణం. బ్యాటరీ అయిపోతే ఏంటన్నది ఇంకొకటి. నాకు మాత్రం మూడో కారణమే అసలైనదనిపించింది. ప్లాస్టిక్ కార్డు ఇంట్లో సొరుగులో ఉండేది. ఈ వారం నాన్న, వచ్చే వారం బాబాయి, ఆ తర్వాత బాబాయి కొడుకు. ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడు అదే పని యాప్‌లో చెయ్యాలి, ముందే నమోదు చేసిన ఫ్రెండ్స్, ఫ్యామిలీ లిస్టులో ఉన్నవాళ్లకే పంపాలి. క్లబ్ అనుమతి ఇస్తుంది, కాదనలేదు. కానీ అనుమతి అనే మాట అంతకుముందు ఆ ఇంట్లో లేదు. బ్లాక్‌లో అమ్మేవాడినీ, తమ్ముడి కొడుక్కి ఇచ్చేవాడినీ ఒకే గీతతో ఆపితే రెండోవాడికి కోపం రాదా?

నకిలీ టికెట్ అన్న మాట వింటేనే లివర్‌పూల్ వాళ్లు ఉలిక్కిపడటానికి ఇంకో కారణం కూడా ఉంది. 2022 మే 28న పారిస్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్. వేలమంది లివర్‌పూల్ అభిమానులు చేతిలో అసలు టికెట్లు పట్టుకుని గంటల తరబడి గేట్ల బయట ఇరుక్కుపోయారు. వాళ్ల మీద టియర్ గ్యాస్ వదిలారు. ముప్ఫై, నలభై వేల మంది నకిలీ టికెట్లతో, అసలు టికెట్లే లేకుండా వచ్చారని ఫ్రాన్స్ మంత్రి అన్నాడు. గేట్ల దగ్గర స్కానర్లలో తేలిన నకిలీలు దాదాపు 2,600. తర్వాత యూఈఎఫ్ఏ తానే వేసిన స్వతంత్ర కమిటీ 2023 ఫిబ్రవరిలో ప్రధాన బాధ్యత యూఈఎఫ్ఏదే అని తేల్చింది. గేట్లు చాలక జనం ఇరుక్కోవడం, తర్వాత తప్పు జనం మీదికి నెట్టడం. ఆ రాత్రి అక్కడున్నవాళ్లలో హిల్స్‌బరో నుంచి బతికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

రెండు శాతం

2016లో పాఠం నేర్చుకున్నారు కదా అనుకుంటాం. 2021లో యూరోపియన్ సూపర్ లీగ్ గొడవ తర్వాత క్లబ్ ఒక అభిమానుల బోర్డుని కూడా ఏర్పాటు చేసింది. ముఖ్యమైన విషయాల్లో వాళ్లని సంప్రదిస్తామని రాతపూర్వకంగా ఒప్పుకుంది. తర్వాత 2024లో టికెట్ల మీద రెండు శాతం పెంచింది. రెండు శాతం! మన హాస్టల్ మెస్ బిల్లు అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. కానీ తమతో సరిగ్గా సంప్రదించలేదని అభిమాన సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఏప్రిల్ 11న అటలాంటాతో యూరోపా లీగ్ మ్యాచ్ రోజు కాప్‌లో ఒక్క జెండా కూడా ఎగరలేదు. టీవీలో లక్షలమంది చూసే ఆ ఎర్ర జెండాల గుట్ట ఆరోజు బోసిపోయి ఉంది. లివర్‌పూల్ 0-3తో ఓడింది. జెండాలకీ స్కోరుకీ సంబంధం ఉందని నేననను.

మాంచెస్టర్ యునైటెడ్‌లో అదే ఏడాది చివర్లో ఇంతకంటే మొరటుగా జరిగింది. సీజన్ మధ్యలో, మెంబర్లకి అమ్మే మిగిలిన టికెట్లన్నిటికీ 66 పౌండ్లు అని ప్రకటించారు. పిల్లలకీ అంతే, పెన్షనర్లకీ అంతే. మామూలుగా ఏ సిస్టమ్‌లోనైనా యూజర్ రకాన్ని బట్టి రాయితీ లెక్కగట్టే భాగం ఒకటి ఉంటుంది. దాన్ని తీసేస్తే ప్రోగ్రామ్ సింపుల్ అవుతుంది నిజమే. తీసేసిన ఆ భాగంలో ఉన్నది తాతా, మనవడూ.

ఇలాంటి కేసులు చదువుతుంటే నాకు అర్థమైంది ఇది. రేటు ఎక్కువైందని అభిమాని గొడవ చేస్తాడు, కానీ చెల్లిస్తాడు. క్యూ పొడుగైందని తిడతాడు, కానీ నిలబడతాడు. తనని ఇన్నాళ్లూ ఏ కొలతతో "మనవాడు" అని లెక్కపెట్టారో, ఆ కొలత చెప్పకుండా మారిస్తే మాత్రం లేచి వెళ్లిపోతాడు.

మన దగ్గరి సంగతి వేరు. హైదరాబాద్‌లో మ్యాచులకి వెళ్లేవాళ్లం చాలామందిమే ఉన్నాం, కానీ అభిమాని అంటే ఏ లిస్టులోనూ లేనివాడు. మెంబర్‌షిప్ ఉండదు, హిస్టరీ ఉండదు, సంప్రదించడానికి సంఘం ఉండదు. 2022 సెప్టెంబర్‌లో ఉప్పల్‌లో భారత్, ఆస్ట్రేలియా టీ20 జరిగింది. దానికి మూడు రోజుల ముందు, 22న, సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌లో కౌంటర్లు పెట్టి టికెట్లు అమ్మారు. తెల్లవారకముందే కొండవీటి చాంతాడంత లైన్. వేలమంది, కొన్నే కౌంటర్లు, తోపులాట, లాఠీలు. చాలామంది గాయపడ్డారు. ఏడు టర్న్‌స్టైల్స్ కథ చదివాక ఆ రోజు వీడియోలు మళ్లీ చూడబుద్ధి కాలేదు. మ్యాచ్ మాత్రం నిండు స్టేడియంలో జరిగింది, ఇండియా గెలిచింది, మనం గోల చేశాం, జింఖానా ఊసు ఎవరూ ఎత్తలేదు. 77వ నిమిషంలో లేవడానికి ముందు "మనం" అనుకునే పదివేల మంది ఉండాలి కదా.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, మన ఫెస్ట్ ప్రో నైట్ పాసుల పోర్టల్ రాస్తున్న టీమ్‌లో నేనూ ఉన్నాను. ఆడిటోరియంలో పట్టేవాళ్లకంటే స్టూడెంట్స్ ఎక్కువ. ముందొచ్చినవాళ్లకి ముందు అని పెడితే పదింటికి ల్యాబ్‌లో ఉన్న బ్రాంచ్ మొత్తం మిస్ అవుతుంది. ఫైనల్ ఇయర్‌కి ముందు అంటే ఫస్ట్ ఇయర్ వాళ్లకి కోల్డ్ స్టార్ట్. ఊరికే డిప్ తీస్తే ఒక రూమ్‌లో ముగ్గురికి వచ్చి నాలుగోవాడికి రాదు, వాడి మొహం రాత్రంతా మిగతా ముగ్గురే చూడాలి. నా వరకు నేను రూమ్‌మేట్లు గ్రూపుగా అప్లై చేసేలా డిప్ పెట్టి, గత ఏడాది రానివాళ్ల పేరు రెండుసార్లు వెయ్యాలంటున్నాను. మా టీమ్ లీడ్ అక్క మాత్రం "సింపుల్‌గా ఉంచరా, సర్వర్ పడిపోకుండా ఉంటే అదే పదివేలు" అంటోంది. ఆవిడ మాటా కొట్టిపారెయ్యలేం.

రూల్ ఇంకా ఖాయం కాలేదు. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఫామ్ కూడా తెరిచి ఉంటుంది. ఏ పద్ధతి కావాలో, ఎందుకు కావాలో రెండు ముక్కలు రాయండి. పాసులు ఇచ్చేశాక కాదు, ఇప్పుడే.